సీసపు బొమ్మల బావి

పిల్లలూ, తాగే నీళ్లను చూసి జనం భయపడిన రాజ్యం ఒకటుండేది. దాని పేరు వాగుసీమ. అక్కడ నీళ్లు అద్దంలా మెరిసేవి, రుచిలోనూ తేడా లేదు. అయినా పిల్లలకు ముందు కడుపునొప్పి వచ్చేది, ఆపైన చేతులు పట్టు తప్పేవి. రాజవైద్యులకు ఏమీ పాలుపోలేదు. వాగు పుట్టే కొండమీది రాక్షసుడే విషం కలుపుతున్నాడని అందరూ అన్నారు. వెళ్లి అడిగే మగాడు మాత్రం లేడు.

మేదరుల పిల్ల పైడమ్మ బయలుదేరింది. ఆమె చెల్లెలు నీలి చేతిలో వెదురుబద్ద నిలవడం లేదు. మేదరింట అంతకు మించిన దిగులేముంటుంది?

వెదురుతో అల్లిన చెప్పులు తొడుక్కుని ముళ్లడవి దాటింది. దారికి అడ్డం పడుకున్న కొండచిలువకు ఒంట్లో దిగిన ముల్లు తీసి దారి అడిగింది. మూడోనాడు వాగు పుట్టే మడుగు చేరేసరికి రాక్షసుడు బోర్లా పడుకుని నీళ్లు తాగుతున్నాడు. మా నీళ్లెందుకు పాడుచేస్తున్నావని అడిగింది.

"నేను తాగే మడుగులో నేనే విషం కలుపుకుంటానా, పిల్లా? మీ ఊరి తెలివి ఇంతేనా?" అన్నాడు వాడు.

తర్వాత సొరబుర్రలో ఏడు నీటిపురుగుల్ని పోసిచ్చాడు. ఒక్కోటి ఆవగింజలో సగం లేదు. తెల్లగా ఈదుతాయి. నీళ్లలో లోహం కంటికి కనపడనంత కరిగినా నల్లబడతాయి.

"అవి ఎక్కడ నల్లబడితే అక్కడే నమ్మాలి. నీకు నచ్చని చోటైనా సరే" అని చెప్పి పంపాడు.

పైడమ్మ దారిపొడవునా నీళ్లు ముంచి, ఒక్కో పురుగును వదిలి చూసింది. మడుగులో తెలుపే. రేవులో తెలుపే. పొలిమేరలోనూ తెలుపే. వాగు ఊటతో నిండే ఊరి మంచినీళ్ల బావిలో చేద వేసి చూస్తే పురుగు బొగ్గులా అయింది.

బావిలోకి దిగింది. అడుగంతా సీసపు బొమ్మలు. జబ్బుపడ్డ బిడ్డ కాస్త తేరుకోగానే బావితల్లికి ఒక సీసపు బొమ్మ వేయడం వాగుసీమలో ప్రతి ఊరి మొక్కు. జబ్బులు పెరిగేకొద్దీ బొమ్మలూ పెరిగాయి.

విషయం చెబితే ఊరు మండిపడింది. పైడమ్మ తల్లి ముఖం పాలిపోయింది. "నిన్ననే వేశానే, పైడీ. నీలి రెండు ముద్దలు తిందని" అంది.

మొక్కుబొమ్మలు బయటికి తీస్తే బావితల్లి ఊరుకోదని పెద్దలన్నారు. పైడమ్మ వాదించలేదు. కుండలో వాగునీళ్లు తెచ్చి, తెల్లపురుగొకటి వదిలి, ఒక బొమ్మను అందులో వేసి అందరి ముందూ పెట్టింది. కబురందుకుని రాజు కూడా వచ్చి కూర్చున్నాడు. ఎవరూ కదలలేదు. పొద్దువాలేసరికి పురుగు నల్లబడింది.

ముందుగా బావిలోకి దిగింది పైడమ్మ తల్లే. తను వేసిన బొమ్మను కొంగున కట్టుకుని పైకొచ్చింది. ఆమె వెనక ఊరంతా దిగింది.

రాజు వాగుసీమ నీళ్లన్నిటి మీదా పైడమ్మకు అధికారమిచ్చాడు. కోతల నాటికి నీలి ఒక తట్ట అల్లింది, వంకరగానే. ఇంకో ఇద్దరు పిల్లల వేళ్లకు మాత్రం పట్టు తిరిగి రాలేదు. పైడమ్మ రోజూ పొద్దున్నే వాళ్లకు అన్నం కలిపి తినిపించి, ఆ తర్వాతే అధికారపు పనికి కదిలేది.