హేజెల్ తిన్న రొట్టె

కూతురి కారు మంచులో మెల్లగా వెళ్ళి వీధి మలుపు తిరిగేదాకా ఆర్విడ్ కిటికీ దగ్గరే నిలబడ్డాడు. ఆ తర్వాత బల్ల మీది పళ్ళెం తీసి నేల మీద పెట్టాడు. అందులో రెండు ముక్కల గోధుమ రొట్టె, వాటి మీద చక్కెర లేని పీనట్ బటర్. హేజెల్ అప్పటికే తోక ఊపుకుంటూ బల్ల కింద సిద్ధంగా ఉంది. పదేళ్ళ కుక్క, కీళ్ళనొప్పులతో మెట్లెక్కలేదు గాని, ఈ పళ్ళెం చప్పుడుకి మాత్రం కుక్కపిల్లలా లేచి వస్తుంది.

రెండు నెలలుగా ఇదే తంతు. డెబ్భై నాలుగేళ్ళ ఆర్విడ్‌కి షుగరుంది. కిందటి శీతాకాలం ఎడమ కాలి వేలొకటి తీసేశారు. ఆస్పత్రి నుంచి కూతురు మార్లిస్ ఆయన్ని పొలంలోని ఇంటికి పోనివ్వకుండా, తిన్నగా ఊళ్ళో తన ఇంటికి తెచ్చేసుకుంది. తీపి అన్నదేదీ వంటింటి గడప దాటకుండా ప్రతి డబ్బా మీది అక్షరాలూ చదివే కొంటుంది. ఒకసారి ఆయన కోటు జేబులో చాక్లెట్ కాగితాలు దొరికితే ఒంటికాలి మీద లేచింది. ఇంకోసారి దొంగతిండి తిన్నావని తెలిస్తే వృద్ధాశ్రమంలో చేర్పించేస్తానంది. కోపంలో అన్న మాటే. ఆర్విడ్ మాత్రం దాన్ని మర్చిపోలేదు.

అందుకని వాదించడం మానేసి దొడ్డిదారి వెతుక్కున్నాడు. చప్పటి రొట్టె హేజెల్‌కి. తనకేమో ధాన్యం గోదాము ఆఫీసులో, పొద్దున్నే కాఫీకి చేరే పాత రైతుల మధ్య, అట్టపెట్టె నిండా చక్కెర అద్దిన డోనట్లు. హేజెల్ కీళ్ళ మాత్రని రోజూ కాస్త పీనట్ బటర్‌లో దాచి పెడితేగాని మింగదు కాబట్టి, దాని మూతికి అంటుకుని కనిపించినా ఎవరికీ అనుమానం రాదు. తన తెలివికి తానే మురిసిపోయిన రోజులు కూడా ఉన్నాయి ఆయనకి.

ఆ పొద్దున తెరిచిన పీనట్ బటర్ సీసా కొత్తది. ఎప్పుడూ కొనే రకం దుకాణంలో అయిపోయిందని మార్లిస్ వేరే రకం తెచ్చింది. ఆర్విడ్ నాలిక చివర పెట్టుకుని చూశాడు. అదేదో నోరంతా చల్లబడినట్టు వింతగా అనిపించింది. ఈ సీసా పీడ ఎంత తొందరగా వదిలితే అంత మంచిదనుకుని, నాలుగు పెద్ద చెంచాలు రొట్టె మీద పులిమేశాడు. హేజెల్ రెండు గుటకల్లో లాగించేసి పళ్ళెం కూడా నాకి తళతళలాడించింది.

తొమ్మిదింటికి ఆయన గోదాము నుంచి తిరిగొచ్చేసరికి వంటింట్లో రెండుచోట్ల కక్కి ఉంది. హేజెల్ లేవబోతోంది, వెనక కాళ్ళు రెండూ జారిపోతున్నాయి. పిలిస్తే ఆయన వైపు కాకుండా గోడ వైపు చూసింది. ఆయన మార్లిస్‌కి ఫోన్ చేశాడు. ఆమె స్కూలు ఆఫీసు నుంచి పది నిమిషాల్లో వచ్చింది. ఇద్దరూ కుక్కని దుప్పట్లో చుట్టి కారెక్కించారు.

పశువుల డాక్టరు లూండీన్ ఆర్విడ్‌కి పాత మనిషే. ముప్ఫై ఏళ్ళపాటు ఆయన ఆవులకి పురుళ్ళు పోసింది. హేజెల్ రక్తం తీసి చూసి, చక్కెర బాగా పడిపోయిందని చెప్పి, లోపలికి పంపి గ్లూకోజ్ సెలైన్ పెట్టించింది. ఎందుకు పడిపోయిందో తెలియాలంటూ కాగితం పట్టుకుని ప్రశ్నలు మొదలుపెట్టింది. ద్రాక్షలు తిందా, చాక్లెట్ తిందా, ఎలకల మందు ఉందా, ఆర్విడ్ గారి షుగరు మాత్రలేమైనా కింద పడ్డాయా. అన్నిటికీ లేదనే చెప్పాడు ఆర్విడ్. అవన్నీ నిజాలే.

"చక్కెర లేని చూయింగ్ గమ్, బిస్కెట్లు, అలాంటివేమైనా తిందా?" అడిగింది డాక్టరు.

మార్లిస్ అందుకుంది. "ఇంటినిండా అవేనండీ. కానీ అవి నాన్నవి, హేజెల్‌కి చిక్కవు. మొదట్లో ఎంత గొడవ చేసేవాడో, ఇప్పుడు పళ్ళెంలో ముక్క మిగల్చడు. నాకే ఆశ్చర్యంగా ఉంది." ఆ మాట అంటూ తండ్రి భుజం మీద చెయ్యి వేసింది.

ఆ చెయ్యి అక్కడ లేకపోతే ఆయన చెప్పేసేవాడేమో. కూతురు తనని మెచ్చుకుని ఎన్నాళ్ళయిందో. డాక్టరు ఆయన వంక చూసింది. ఆర్విడ్ తల అడ్డంగా ఊపాడు. ఆమె కాగితం మీద గీత గీసి లోపలికి వెళ్ళిపోయింది.

అరగంట గడిచింది. గోడ గడియారం కింద ఆర్విడ్ రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. ఇంతలో లోపల్నుంచి బల్ల ఇనుప రేకు టకటకా కొట్టుకున్న చప్పుడు వచ్చింది. కాళ్ళు గట్టిగా పట్టుకోమని డాక్టరు ఎవరికో చెబుతోంది. ఫిట్స్ ఎలా ఉంటాయో ఆర్విడ్‌కి తెలుసు, దూడల్లో చూశాడు. లేచి వెళ్ళి తలుపు తోశాడు.

"నేనే పెట్టాను," అన్నాడు. "నా రొట్టె. ఆ కొత్త సీసాలోది, నాలుగు చెంచాలు."

మార్లిస్ ఆయన వెనకే నిలబడి ఉంది. డాక్టరు తల ఎత్తకుండానే సీసా తెమ్మంది. మార్లిస్ కారు తీసి వెళ్ళి పావుగంటలో సీసాతో వచ్చింది. మొహం పాలిపోయి ఉంది. వెనక వైపు చీమ తలకాయంత అక్షరాల్లో జైలిటాల్ అని ఉంది, చక్కెరకి బదులు తీపి కోసం వేసేది. మనుషులకి ఏం కాదు, కుక్కలకి మాత్రం విషం, ముందు చక్కెర పడిపోతుంది, ఆ తర్వాత కాలేయం మీద పడుతుందని డాక్టరు చెప్పి మళ్ళీ తలుపు మూసుకుంది.

దానికి ఎన్నాళ్ళుగా పెడుతున్నావని మార్లిస్ అడిగింది. ఆయన చెప్పాడు. మరి నువ్వేం తింటున్నావని అడిగింది. గోదాము సంగతీ, డోనట్ల సంగతీ, కొన్ని రోజులు రెండేసి తిన్న సంగతీ కూడా చెప్పాడు. అరుస్తుందనుకుని తల వంచుకున్నాడు. అరవలేదు.

"డాక్టర్ అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు నాన్నా? పక్కనే ఉన్నాను కదా."

"నువ్వు పక్కనున్నావనే చెప్పలేదు."

మార్లిస్ చేతిలోని సీసాని అటూ ఇటూ తిప్పింది. కళ్ళలో నీళ్ళు తిరిగి, అక్షరాలు కూడా కనిపించడం మానేశాయి ఆమెకి.

"నేనూ చదివాను," అంది. "దుకాణంలో నిలబడి చదివాను. చక్కెర సున్నా అని ఉంది. నీకు పనికొస్తుందా లేదా అనే చూశాను, కింది లైను దాకా పోలేదు." సీసా పక్కన పెట్టి, "ఆశ్రమంలో చేర్పిస్తానన్నది ఊరికే అన్నాను. నీకు కాలు పోతుందేమోనని భయంతో అన్నాను," అంది.

"అది నాకెలా తెలుస్తుందమ్మా?" అన్నాడు ఆర్విడ్. నిజంగానే అడిగాడు.

ఆమె వచ్చి ఆయన పక్క కుర్చీలో కూలబడి, ఆయన భుజానికి తల ఆనించి ఏడ్చింది. ఇన్నాళ్ళూ తండ్రిని కాపాడుకుంటున్నాననే అనుకుంది. ఆ కాపాడుకోవడమే ఆయన్ని ఇంట్లో దొంగని చేసిందని ఆమెకి అప్పుడే తెలిసింది.

మధ్యాహ్నానికి డాక్టరు బయటికొచ్చింది. ఫిట్స్ ఆగాయి, చక్కెర కొంచెం పెరిగింది. కాలేయం సంగతి ఎల్లుండికి గాని తెలియదు. అప్పటిదాకా మందులిస్తూ ఉండటమే.

"వచ్చీరాగానే చెప్పి ఉంటే?" అడిగాడు ఆర్విడ్.

"సెలైన్ అప్పుడైనా అదే పెట్టేదాన్ని, ఆర్విడ్ గారూ. కాలేయం మందు అరగంట ముందు పడేది. దాని వల్ల ఏమైనా తేడా ఉండేదా అంటే, నాకు తెలియదు."

కావాలంటే కాసేపు చూడొచ్చంది. హేజెల్ పక్కకి పడుకుని ఉంది, ముందు కాలికి ట్యూబు, కళ్ళు సగం తెరిచి. ఆర్విడ్ బల్లకి రెండడుగుల దూరంలోనే ఆగిపోయాడు. కుడిచెయ్యి కోటు జేబులోంచి తియ్యలేదు. ఏ మొహం పెట్టుకుని దాన్ని ముట్టుకోవాలో ఆయనకి తెలియలేదు.

మార్లిస్ ఆయన చెయ్యి జేబులోంచి బయటికి తీసి, హేజెల్ మెడ మీద పెట్టింది. తన చెయ్యి ఆయన చేతి మీద పెట్టి అలాగే ఉంచింది. కిందనున్న ఒళ్ళు వెచ్చగా ఉంది, ఊపిరి ఆడుతోంది. ఎల్లుండి ఏమవుతుందో ఇద్దరికీ తెలియదు. వెళ్ళాల్సిన టైమయిందని నర్సు వచ్చి చెప్పేదాకా ఇద్దరూ అలాగే నిలబడ్డారు.