ఎడమ స్పీకర్ వెనక

"నీకు స్పీకర్లు బిగించడం వచ్చా?" అన్నాడు చీఫ్.

"రాదు సార్."

"నాలుగు రోజుల్లో వచ్చేస్తుందిలే."

అలా మొదలైంది మిషన్. ఏజెంట్ ట్వెల్వ్ నాలుగు రోజులు ఒక ఆడియో మెకానిక్ దగ్గర వేళ్లు కాల్చుకుంటూ సోల్డరింగ్ నేర్చుకున్నాడు. ఐదో రోజు పొద్దున్నే మురికి మెకానిక్ యూనిఫాం తొడుక్కుని శత్రుముఠా వర్క్‌షాప్‌లో అడుగుపెట్టాడు. వెనక షట్టర్ దడాలున పడింది. తాళం బయటినుంచి వేశారు.

విదేశాల్లో ఉన్న మన నలభై మంది గూఢచారుల పేర్లు ఒక మైక్రోఫిల్మ్ మీదికెక్కాయి. సాయంత్రం ఐదింటికి బయల్దేరి దాన్ని సరిహద్దు దాటించబోయేవాడు 'కెప్టెన్'. ఫిల్మ్ అతని టూరింగ్ మోటార్ సైకిల్లో ఎక్కడో ఉంది. అంత రహస్యం దాచిన బండిని ఎవడైనా బయటివాడి చేతికిస్తాడా? కెప్టెన్ ఇచ్చాడు. హైవే మీద గాలిహోరులో పాత స్పీకర్లు వినబడటం లేదట! షోకు ఉండొచ్చుగానీ మరీ ఇంతా?

జాబితాలో మూడో పేరు ట్వెల్వ్ బావది. ఆయన మందుల కంపెనీ సేల్స్‌మన్ అనే అక్క ఇప్పటికీ నమ్ముతోంది. ఫిల్మ్ సరిహద్దు దాటితే బావ ప్రాణం దక్కదు.

గదికి కిటికీ లేదు. ఒక ట్యూబ్‌లైటు, ఒక బల్ల, మధ్యలో నల్లటి బండి. స్టూలు మీద పిస్తోలుతో కాపలావాడు. మనిషి అడ్డంగా, నిలువుగా ఒకే కొలత. అందరూ 'గోడ' అంటారు.

చీఫ్ ఆఫీసువాళ్లు ఇచ్చిన స్క్రూడ్రైవర్ పిడిలో రహస్యంగా మెటల్ డిటెక్టర్ అమర్చారు. బండికి ఆనించగానే అది గుర్రుమంది. ఎక్కడ ఆనించినా గుర్రుమంది. మోటార్ సైకిలంతా లోహమేనని ఆ మేధావుల్లో ఒక్కడికీ తట్టలేదు. ట్వెల్వ్ మనసులోనే వాళ్లను తిట్టుకుని దాన్ని పక్కన పడేశాడు.

పాత స్పీకర్లు ఊడదీశాడు. వాటి వెనక ఏమీ కనబడలేదు. సీటు కింద ఆంప్లిఫయర్ బిగిస్తూ వెతికాడు. సైడ్ బాక్సులో బేస్ దద్దరిల్లించే సబ్‌వూఫర్ పెడుతూ వెతికాడు. మధ్యాహ్నం దాటింది. గోడ స్టూలు జరుపుకుంటూ జరుపుకుంటూ పక్కకే వచ్చేశాడు.

"ఆ నీలం వైరు ఎందుకు?"

"ఆంప్లిఫయర్‌ని నిద్రలేపడానికన్నా."

"ఓహో," అన్నాడు గోడ. పిస్తోలు మాత్రం దించలేదు.

నాలుగున్నరకు షట్టర్ లేచింది. కెప్టెన్ వచ్చాడు. వెంట ఎర్ర స్కార్ఫ్, నల్లకళ్లద్దాలతో 'నెమలి'. ఆమె మనకూ పనిచేస్తుంది, వాళ్లకూ పనిచేస్తుంది. ఎటు మొగ్గుతుందో చెప్పలేమని చీఫే చేతులెత్తేశాడు. షట్టర్ మళ్లీ పడింది.

"పాట పెట్టు," అన్నాడు కెప్టెన్.

సబ్‌వూఫర్ గుండెల్లో మోగింది. దానితోపాటే ముందు కవరు లోపల, ఎడమ స్పీకర్ వెనకనుంచి జర్ర్‌మని ఇంకో చప్పుడు. పాత స్పీకర్ల పీలగొంతుకు ఇన్నాళ్లూ కదలని వస్తువేదో కొత్త బేస్‌కు అదిరింది. కెప్టెన్ మొహం పాలిపోయింది. దొరికిందిరా బాబూ అనుకున్నాడు ట్వెల్వ్.

"పర్లేదు, వదిలెయ్," అన్నాడు కెప్టెన్.

"వదిలెయ్యడమేంటి సార్?" గోడ లేచి నిలబడ్డాడు. "దారి పొడుగునా ఆ జర్రు వింటారా?"

కెప్టెన్ వినలేడు. ట్వెల్వ్‌ని అవతలికి తిరగమని, కవరు లోపల చెయ్యిపెట్టి, వేలి కణుపంత లోహపు గొట్టం లాగాడు. జిగురు ఫోమ్ తానే చుట్టబోయాడు. అది గొట్టానికి తప్ప అన్నిటికీ అంటుకుంది. గ్లవ్స్‌కి, గడియారానికి, చివరికి మీసానికి కూడా.

నెమలి పకపకా నవ్వింది. "పని తెలిసినవాడికివ్వండి కెప్టెన్. టైమవుతోంది."

"ఇవి నా గుండె మాత్రలు. జాగ్రత్త," అంటూ గొట్టం ట్వెల్వ్ చేతిలో పెట్టాడు కెప్టెన్.

పిస్తోలు జానెడు దూరంలో ఉంది. ట్రేలో ఆంప్లిఫయర్‌కు వాడగా మిగిలిన గాజు ఫ్యూజు ఉంది. అటూ ఇటూ లోహపు టోపీలతో అదీ కణుపంతే. కత్తెర కోసం ట్రేలో చెయ్యి పెట్టినప్పుడు ఫ్యూజు వేళ్ల సందుకొచ్చింది, గొట్టం చొక్కా చేతిలోకి జారింది. ఫ్యూజుకు ఫోమ్ మూడు చుట్లు చుట్టాడు.

కెప్టెన్ పొట్లం నొక్కి చూశాడు. గట్టిగానే తగిలింది. అయినా కళ్లు చికిలించాడు.

"విప్పి చూపించు."

ట్వెల్వ్‌కి బావ కళ్లముందు మెదిలాడు.

"విప్పితే జిగురు పోతుంది సార్," గోడ విసుక్కున్నాడు. "మళ్లీ జర్రుమంటుంది. ఇంత బాగా చుట్టాడు కదా!"

కెప్టెన్ గడియారం చూసుకుని, పొట్లాన్ని లోపలికి తోసి బండెక్కాడు. వెళ్తూ గోడ చెవిలో "వీణ్ణి ముగించెయ్" అన్న మాట ట్వెల్వ్‌కి స్పష్టంగా వినిపించింది. నెమలి వెనక కూర్చుంది. ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు.

షట్టర్ పడింది. గోడ పిస్తోలు ఎత్తి, కాస్త ఆలోచించి, దించాడు. వెనక గదిలోంచి తన పాత బండి తోసుకొచ్చాడు.

"కెప్టెన్ ఊడదీయించిన స్పీకర్లున్నాయిగా. ముందు ఇవి దీనికి బిగించు. తర్వాత చూద్దాం."

ఆరయినా బయటికి రాకపోతే షట్టర్ కోయిస్తానని చీఫ్ మాటిచ్చాడు. చీఫ్ మాట మీద చీఫ్‌కే నమ్మకం ఉండదు. ట్వెల్వ్ ఒక్కో స్క్రూని మూడేసిసార్లు బిగించి రెండేసిసార్లు విప్పాడు. ఆరుంబావుకు, ఎడమ స్పీకర్ ఒక్కటే బిగిసేసరికి, షట్టర్ కోసుకుని మనవాళ్లు లోపలికి దూకారు.

సరిహద్దు అవతల కెప్టెన్ తన పైవాళ్ల చేతిలో పెట్టింది గాజు ఫ్యూజు. అదంతా తన ఘనతేనని నెమలి రెండువైపులకూ రిపోర్టు పంపింది. బావ క్షేమంగా ఇల్లు చేరాడు. చెప్పకుండా అన్నాళ్లు ఎటు తిరిగారని అక్క ఆయన్ని చెడామడా దులిపేసింది.

గోడ జైలునుంచి నెలనెలా డిపార్ట్‌మెంట్‌కి ఒక ఉత్తరం రాస్తున్నాడు. బెయిలు సంగతి ఎత్తడు. కుడివైపు స్పీకర్ ఎప్పుడు బిగిస్తారనే అడుగుతాడు.