మూడో పిలుపు

సాయంత్రం అయిదు కావస్తోంది. పొద్దుటినుంచీ పట్టిన ముసురు ఇంకా వదల్లేదు. కోర్టు లేచింది. హాలులో మిగిలింది ముగ్గురే. పేర్లు పిలిచే బంట్రోతమ్మ, అక్కడే టైపిస్టుగా చేసే ఆమె పెద్దకూతురు, సూపరింటెండెంటు. ఇక బల్లమీద కొత్త యంత్రం. కేసు కాగితాలు అదే చదువుతుందట, జాబితా అదే కడుతుందట, పేర్లూ అదే పిలుస్తుందట.

"ఇరవై రెండేళ్లు అరిచావు. ఇక గొంతుకి విశ్రాంతి ఇవ్వమ్మా," అన్నాడు సూపరింటెండెంటు. యంత్రం వచ్చాక ఆయన కాగితం ముట్టడం మానేశాడు. రాకముందు ముట్టింది ఎప్పుడో ఎవరికీ గుర్తులేదు.

రేపటి జాబితాని యంత్రం చేత ఓసారి పిలిపించి చూస్తున్నారు. ఒక్కో పేరుకీ కూతురు మైకులో హాజరనో గైర్హాజరనో చెబుతోంది. పదకొండో పేరు వినగానే, కిటికీలు మూస్తున్న బంట్రోతమ్మ చెయ్యి ఆగిపోయింది.

గడియారాలు బాగుచేసే ముసలాయన. ఇంటి తగాదాలో వాదిగా పద్నాలుగేళ్లు తిరిగాడు. పోయిన వానాకాలం, ఆ వెనక బెంచీ మీదే, పిలుపు కోసం కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుమస్తా ఆయన పేరు మీద ఎర్రసిరా గీత కొడుతుంటే తను పక్కనే ఉంది. పోయినవాళ్లకి ఎర్ర గీత. గీత పడ్డ పేరు ఆమె ఏనాడూ పిలవలేదు.

"ఆయన లేడు కదే. గీత కనపడలేదా దానికి?"

"ఫైళ్లకి ఫొటో తీసే మిషనుకి ఎరుపు పడదమ్మా. నలుపొక్కటే."

"ఆహా. ఇంత మేధావికి చావు కనపడదన్నమాట."

యంత్రం రెండోసారి పిలిచింది. తీయగా, తొందర లేకుండా.

"గైర్హాజరు అనవే."

"అంటే వాయిదా వేసేస్తుంది. ప్రతి వాయిదాకీ మళ్లీ ఇదే గోల."

"హాజరని పడేయమ్మాయ్, నా బస్సు పోతుంది," అన్నాడు సూపరింటెండెంటు, గొడుగు వెతుక్కుంటూ.

మూడో పిలుపు.

"హాజరు," అంది కూతురు నవ్వుతూ.

వెనక బెంచీ కిర్రుమంది.

తడిసిన గొడుగు వాసన... దానిలోంచి సన్నగా, గడియారాలకి వేసే నూనె వాసన...

"వాది గొంతు నమోదైంది," అంది యంత్రం.

"వానకి చెక్క ఉబ్బుతుంది," అన్నాడు సూపరింటెండెంటు. బెంచీ వైపు చూడకుండానే అన్నాడు. చూడకుండానే వెళ్లిపోయాడు. సంతకాలు పెట్టేదీ అలాగే.

దారంతా కూతురు నోరు విప్పలేదు. ఏమైందే అని అడిగితే, గొంతు పట్టేసిందని సైగ చేసింది.

ఇంటికొచ్చాక, అందరూ చేరారని లెక్కపెట్టుకుని తలుపు గడియ బంట్రోతమ్మే పెట్టింది. మొగుడు వచ్చాడు, మంచమ్మీద పడుకున్నాడు. చిన్నది వచ్చింది, పుస్తకం ముందు కునుకుతోంది. పెద్దది ఎదురుగానే తల తుడుచుకుంటోంది.

"పెద్దమ్మాయ్."

తలెత్తింది. పెదవులు కదిలాయి. చప్పుడు లేదు.

"పెద్దమ్మాయ్..."

మూడోసారి పిలవకూడదనుకుంది. పేరుకి మూడు పిలుపులు, ఇరవై రెండేళ్ల అలవాటు. నోరు ఆగలేదు.

"హాజరు."

కూతురి గొంతే. ఆ నవ్వూ దానిదే. గడియ పెట్టిన తలుపుకి అవతల నుంచి...

ఆమె మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది. ఆయన వచ్చాడు. చిన్నది వచ్చింది. పెద్దది...