హంసల గంట

వెథర్లీ కోటలో రాజుగారి బాకు పోయింది.

హాల్లో దాన్ని ఉంచిన గాజుపెట్టె తెరిచి ఉంది. మధ్యాహ్నం, అందరూ భోజనాల దగ్గర ఉన్నప్పుడు జరిగింది. ఆ హాలు తుడిచేది టిల్డా. ఇంకేముంది, వేళ్ళన్నీ ఆమె వైపే.

ఇన్‌స్పెక్టర్ హెస్టర్ కూడా అటే చూసింది. అందరి ముందూ టిల్డా సంచీ లాక్కుని బోర్లించింది. పసిదాని పాలసీసా, రెండు గుడ్డలు, ఎండిన రొట్టెముక్క. సీసా మూత ఊడి పాలు రాతినేల మీద పారాయి.

"ఆ గుడ్డలు కూడా విప్పి చూడండి," అంది దొరసాని సిబిల్. "ఎక్కడెక్కడ దాస్తారో వీళ్ళు!"

టిల్డా తలెత్తలేదు. "నన్ను తీసుకుపోతే నా బిడ్డనెవరు చూస్తారమ్మా?"

హెస్టర్ మొహం కిటికీ వైపు తిప్పుకుంది. కింద కందకం. హంసలన్నీ సరిగ్గా ఆ కిటికీ కిందే మూగి, మెడలు చాచి పైకి చూస్తున్నాయి.

"వీటికి మేత ఎక్కడ వేస్తారు?"

"గేటు దగ్గరండీ," అంది టిల్డా. " ఆకలేస్తే అవే తాడు లాగి గంట కొడతాయి. నేను వెళ్ళి వేస్తాను."

"మరి ఇక్కడేం చేస్తున్నాయి?"

హెస్టర్ కిటికీ రెక్క మీద చెయ్యి వేసింది.

"నీళ్ళలో ఏది పడ్డా మేతే అనుకుంటాయి. ఇందులోంచి ఎవరో ఏదో విసిరారు. ఈ కిటికీ తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?"

"నా దగ్గరే," అన్నాడు కోట యజమాని లార్డ్ ఆస్విన్.

హెస్టర్ వెంట వచ్చిన కానిస్టేబుల్ కందకంలో కొక్కెం వేసి లాగితే బురదతో సహా బాకు పైకొచ్చింది.

"అది నకిలీ," అన్నాడు ఆస్విన్. "అసలుది మా తాతే అమ్ముకున్నాడు. రేపు మ్యూజియం వాళ్ళు పరీక్షకొస్తున్నారు. యుద్ధంలో రాజు మా వంశానికిచ్చాడని తరతరాలుగా చెప్పుకున్నాం. దొంగలెత్తుకుపోయారంటే పరువైనా దక్కుతుందనుకున్నాను."

"అందుకని ఈ అమ్మాయి మీదికి నెట్టారా?"

"నేను నెట్టలేదు. ఊరుకున్నానంతే."

దొరసాని చూపు నేల మీది పాల దగ్గర ఆగిపోయింది.

హెస్టర్ మోకాళ్ళ మీద కూర్చుంది. గుడ్డలు మడిచి సంచీలో పెట్టింది. ఊరుకున్నది ఆయన. బోర్లించింది మాత్రం తను.

"తప్పు చేశాను, టిల్డా."

టిల్డా ఖాళీ సీసా అందుకుంది.

గేటు దగ్గర గంట మోగింది. అలవాటు కొద్దీ అందరూ టిల్డా వైపు చూశారు.

ఆమె సంచీ భుజాన వేసుకుంది.

"ఈ పూట మీరే వెయ్యండి, దొరగారూ."