మేస్త్రి గియ్యని గీత

ఆ ఇంటి మెట్ల కింది గోడంటే వీధిలో ఎవరికీ గిట్టదు. లైటు వేసినా అక్కడ చీకటి పూర్తిగా పోదంటారు. రంగు వెయ్యడానికి వచ్చినవాళ్ళు ఇద్దరు పని సగంలో వదిలేసి, బ్రష్షులు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయారు. ఎందుకని అడిగితే ఒకడు మాట దాటేశాడు. రెండోవాడు మళ్ళీ ఆ వీధి మొహమే చూడలేదు.

మూడోవాడు ఈకల మేస్త్రి. ఇది ఆయన చెప్పగా విన్నదే.

మామూలు గోడని పాలరాయిలా మార్చడంలో ఆయనది తిరిగిన చెయ్యి. తెల్లటి గోడ మీద పల్చటి బూడిదరంగు స్పాంజితో అద్ది, అది తడిగా ఉండగానే ఈకని రంగులో ముంచి రాతి చారలు లాగుతాడు. చెయ్యి కాస్త వణకాలి, లేకపోతే రాయి అనిపించదు. పగటి వేడికి పూత ఇట్టే ఆరిపోతోందని రాత్రి పనికి దిగాడు. ఇంటావిడ, రిటైరైన నర్సమ్మ, మేడమీద పడుకుంది.

ఒంటిగంట దాటింది. మొదటి చార పైనుంచి నడుం ఎత్తు దాకా లాగి, ఈక కడగడానికి బకెట్టు మీదకి వంగాడు. లేచి చూస్తే — చార మోకాలి ఎత్తుకి దిగిపోయి ఉంది.

రంగు కారిందేమో అనుకున్నాడు. కారితే నిలువునా కారాలి కదా... ఇది ఎడమ మూలకి వంపు తిరిగింది. తుడిచేసి, మళ్ళీ పూత అద్దాడు. ఈసారి ఈక ముట్టుకోలేదు. కన్ను కూడా తిప్పలేదు.

తడిపూత మెల్లగా చీలింది... దారంత సన్నగా... ఆగుతూ, పాకుతూ... అదే మూలకి.

వణుకుతూ గియ్యడం ఇన్నేళ్ళు సాధన చేసిన చెయ్యి, ఇప్పుడు ఆపుదామన్నా ఆగట్లేదు. ఈకలు అక్కడే వదిలేసి తలుపు దాకా వెళ్ళాడు. గడియ మీద చెయ్యి కూడా వేశాడు.

వెనక చప్పుడు. గోరుతో సున్నం గీకినట్టు.

నేలకి జానెడు ఎత్తులో, గీత ఆగిన చోటే, పూత లేచిపోయి పొడి రాలుతోంది — మళ్ళీ... మళ్ళీ...

ధైర్యం కాదు, పారిపోతే అది తన వెంటే ఇంటికొస్తుందేమోనన్న భయమే వెనక్కి లాగిందంటాడు. మోకాళ్ళ మీద కూర్చుని గోడకి చెవి ఆనించాడు.

అవతల మూలుగు.

మెట్లెక్కి నర్సమ్మని లేపాడు. ఆ గోడవతల ఎవరుంటారని అడిగాడు.

"పక్కింటి కుట్టుమిషను పిన్ని. ఒంటరి మనిషి. రెండ్రోజులుగా మిషను చప్పుడు లేదు, ఊరెళ్ళిందేమో అనుకు..."

మాట పూర్తవకముందే ఆవిడ మెట్లు దిగుతోంది.

ఇద్దరూ కలిసి పక్కింటి తలుపు బద్దలుకొట్టారు. పిన్ని స్టూలు మీంచి జారి, తుంటి విరిగి, సరిగ్గా ఆ గోడవారనే పడి ఉంది. నర్సమ్మ ఆమె పెదాలు తడిగుడ్డతో తడుపుతుంటే మేస్త్రి అంబులెన్సుకి ఫోన్ చేశాడు. ఇంకో పూట ఆలస్యమైతే మనిషి దక్కేది కాదన్నారు ఆస్పత్రిలో.

మేస్త్రి మనసు కుదుటపడింది. దెయ్యం లేదు, పాడూ లేదు. పిన్ని అటునుంచి గీకితే పాతగోడ అదిరి, ఇటు పూత చీలింది. అంతే. నర్సమ్మ కూడా అలాగే సరిపెట్టుకుంది.

నాలుగోరోజు ఇద్దరూ పిన్నిని చూడ్డానికి ఆస్పత్రికి వెళ్ళారు. ఓపిక చచ్చినా గోడ గీకడం మానలేదు చూడండి, అదే మిమ్మల్ని బతికించింది అని మెచ్చుకున్నాడు మేస్త్రి.

పిన్ని వింతగా చూసింది.

"నేనెక్కడ గీకాను నాయనా? ఒక చెయ్యి ఒంటికింద నలిగిపోయింది. రెండోది లేవనేలేదు." గొంతు తగ్గించింది. "గీకింది ఆవిడ కదూ... రెండు రాత్రులూ నా తల దగ్గరే కూర్చుని, గోడకేసి మొహం పెట్టుకుని..."

ఇద్దరి వెనకా ఎవరికోసమో కళ్ళతో వెతికింది.

"నన్ను తెచ్చారు సరే... ఆవిణ్ణి అక్కడే వదిలేశారా?"