ఫుల్‌హౌస్ పారేసిన చెయ్యి

“మూడు గురువారాలు. ఒకే మెషీన్. మూడు రాయల్ ఫ్లష్‌లు,” అన్నాడు చీఫ్ కృష్ణ మూర్తి.

ఆడమ్స్‌టౌన్‌లో ఆయన ఇంటి వంటగది అది. చుట్టుపక్కల వాళ్లకు ఆయన ఇన్సూరెన్స్ పాలసీలు అమ్మే అంకుల్. నిజానికి యూరప్‌లో మన సీక్రెట్ సర్వీసుకు ఆయనే బాస్. పప్పుడబ్బాలు పెట్టుకునే అలమర తెరిచి, కందిపప్పు వెనకనుంచి ఒక ఫైలు లాగి ఏజెంట్ విజయేంద్ర ముందు పడేశాడు.

“వీడియో పోకర్ తెలుసా?”

“మెషీన్ అయిదు ముక్కలిస్తుంది. కావలసినవి ఉంచుకుని మిగతావి పారేస్తే కొత్తవి పంచుతుంది. ఒకే గుర్తు మీద పది, జాకీ, రాణి, రాజు, ఆసు పడితే రాయల్ ఫ్లష్. ఎంత బాగా ఆడేవాడికైనా నలభై వేల ఆటలకోసారి పడుతుంది సార్.”

“వీళ్లు వారానికి వంద ఆటలాడారు. వారానికొకటి కొట్టారు.”

విజయేంద్ర మనసులో లెక్కేశాడు. వంద ఆటల్లో పడే అవకాశం నాలుగొందల్లో ఒకటి. వరసగా మూడు వారాలంటే ఆరు కోట్ల నలభై లక్షల్లో ఒకటి.

“మెషీన్ని కొనేశారు సార్.”

“మన మనిషిని కూడా. కార్క్ హార్బర్ పక్కన ‘సిల్వర్ గల్’ క్లబ్బులో ఓ విదేశీ ముఠా మన రహస్యాలు కొంటోంది. యూరప్‌లో ఉన్న మన ఏజెంట్లు పదకొండు మందితో మనలోనే ఎవరో లిస్టు రాశారు. పేర్లు, అడ్రసులు, అన్నీ. ఈ గురువారం అది చేతులు మారి, రింగాస్కిడీ రేవు నుంచి నాలుగింటి ఫెర్రీలో ఫ్రాన్స్ వెళ్తుంది. వెళ్తే పదకొండు శవాలు.”

అందులో తన పేరు ఉండకుండా ఉంటుందా అనుకున్నాడు విజయేంద్ర. భయమేసింది. కాస్త గర్వంగా కూడా అనిపించింది.

“ముఠాలోకి మనం పంపింది ఇద్దర్నే. జీవన్ కుమార్, చరిత. ఇద్దరిలో ఒకరు అమ్ముడుపోయారు. గెలుపులన్నీ జీవన్ మెంబర్‌షిప్ కార్డు మీద ఉన్నాయి.”

విజయేంద్రకు చెవుల్లో అమృతం పోసినట్టయింది.

జీవన్ కుమార్ పేరు వింటేనే అతనికి ఒళ్లు మంట. ఇద్దరిదీ ఒకే బ్యాచ్. జీవన్‌కి మొనాకోలో మిషన్ పడితే ఇతనికి నేవన్ అనే చిన్న ఊళ్లో చర్చి హాలు కాపలా పడేది. చరిత మొదట ఇతని పార్ట్‌నరే. ఆరు నెలలు పక్కపక్కన కూర్చుని దొంగల ఫోన్లు విన్నారు. విజ్జీ అని పిలిచేది. పెళ్లిమాట ఎత్తడానికి అతను ధైర్యం కూడగట్టుకునేలోపే హెడ్‌క్వార్టర్స్ ఆమెకు జీవన్ పెళ్లాంగా వేషం కట్టించింది. ఇప్పుడు ఇంటి లీజు మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. వేషమేగా అని అందరూ అన్నారు. అతనూ అలాగే అనుకున్నాడు, రోజుకి పదిసార్లు.

“నువ్వు బ్యాకప్ అని వాళ్లకి చెప్పాను,” అన్నాడు చీఫ్. “దొంగ ఎవరో తేలగానే నాకు ఫోన్ చెయ్యి. ఒక్క మాట చాలు. గోంగూర అంటే జీవన్. ఆవకాయ అంటే చరిత. నువ్వు ఏ మాటంటే ఆ మనిషిని ఇక్కడి పోలీసులు, అదే గార్డ్స్, పట్టుకుంటారు.”

“నా వేషం ఏంటి సార్?”

“క్లీనర్. మాప్ కర్రలో కెమెరా పెట్టించాను.”

“జీవన్‌కి?”

“ఎప్పటిలాగే బ్లేజర్.”

గురువారం మధ్యాహ్నం రెండున్నరకి సిల్వర్ గల్‌లో విజయేంద్ర నేల తుడుస్తున్నాడు. తుడిచిన చోటే మళ్లీ తుడుస్తున్నాడు. అక్కణ్నించయితే ఏడో నంబర్ మెషీన్ బాగా కనిపిస్తుంది. దాని ముందు చరిత కూర్చుంది. ఆకుపచ్చ సిల్కు గౌను, ఎర్రటి గోళ్లు. వెనక జీవన్ ఆమె భుజం మీద చెయ్యేసి నిలబడ్డాడు. ఆ చెయ్యి అక్కడ ఎంతసేపుందో విజయేంద్ర సెకన్లతో సహా చెప్పగలడు.

జీవన్ ఇతన్ని చూసి, ఎవరికీ తెలియకుండా కన్నుకొట్టి నవ్వాడు. మంచివాడు. అదే ఇంకా మండిపోయే సంగతి.

తెర మీద ముక్కలు పడ్డాయి. మూడు రాజులు, రెండు తొమ్మిదులు. ఫుల్‌హౌస్, ఉన్నపళంగా డబ్బులొచ్చే చెయ్యి. చరిత ఇస్పేటు రాజునొక్కదాన్నే ఉంచుకుని మిగతా నాలుగూ పారేసింది. మెషీన్ కొత్తవి పంచింది. ఇస్పేటు పది, జాకీ, రాణి, ఆసు. సైరన్ మోగింది.

అంత పెద్ద గెలుపు మెషీన్ తనంతట తాను ఇవ్వదు. అటెండెంట్ వచ్చి రసీదు రాసి, సంతకం తీసుకుని, చేతికివ్వాలి. అది క్లబ్బు పద్ధతి. డెక్లన్ అనే కుర్ర అటెండెంట్ పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ వచ్చాడు.

“గ్రాండ్ జాబ్, మిసెస్ కుమార్. జస్ట్ సైన్ హియర్.”

మిసెస్ కుమారట! విజయేంద్ర మాప్‌ని బకెట్లో ముంచి కసిదీరా పిండాడు. డెక్లన్ పెన్ను ఇస్తుంటే ఆమె వేళ్లకి వేళ్లు తగిలాయి. తిరిగి తీసుకుంటుంటే మళ్లీ తగిలాయి. వీడొకడు మధ్యలో అనుకుని పళ్లు నూరుకున్నాడు.

పావుగంట తర్వాత స్టోర్‌రూమ్ దగ్గర చరిత అతని చెయ్యి పట్టుకుంది. సెంటు వాసన గుప్పుమంది.

“విజ్జీ, జీవనే. లిస్టు వాడి బ్యాగులో ఉంది. కార్ పార్క్‌కి వెళ్తున్నాడు. ఇన్నాళ్లూ వాడితో ఎలా వేగానో నాకే తెలుసు. నిన్ను వదులుకుని తప్పు చేశాను.”

రెండేళ్లుగా వినాలనుకున్న మాటలన్నీ ఒక్క గుక్కలో చెప్పేసి వెళ్లిపోయింది. విజయేంద్ర మాప్ పారేసి పరుగెత్తాడు.

జీవన్ కారు డిక్కీలో బ్యాగు పెడుతున్నాడు. “ఏం గురూ, అయిపోయిందా డ్యూటీ? నీకూ ఓ బ్లేజర్ ఇప్పించమని చీఫ్‌ని అడిగాను. వినలేదాయన.”

విజయేంద్ర ఫోన్ తీశాడు. అవతల చీఫ్ గొంతు పలికింది. “చెప్పు.”

“గోం...”

ఇంకో రెండక్షరాలు చాలు. జీవన్ జైల్లో, చరిత తన పక్కన. లీజు మీద ఒక పేరు మారితే సరి.

కానీ ఆ ఫుల్‌హౌస్ గొంతుకడ్డం పడింది. చేతికొచ్చిన గెలుపుని ఎవడైనా పారేస్తాడా? ఒంటి రాజుని పెట్టుకుని కూర్చుంటే సరిగ్గా ఆ నాలుగు ముక్కలే రావడానికి లక్షా డెబ్బై ఎనిమిది వేల మూడువందల అరవై అయిదులో ఒక్క అవకాశం. వస్తాయని ముందే తెలిసినవాళ్లు తప్ప ఇంకెవరూ ఆ పని చెయ్యరు. కార్డు జీవన్‌ది. నొక్కిన వేలు చరితది.

ఆ వేళ్లే మళ్లీ కళ్ల ముందు మెదిలాయి. డెక్లన్ ఇచ్చింది నీలం పెన్ను. ఆమె దగ్గర్నుంచి తిరిగి తీసుకున్నది వెండి పెన్ను. అటెండెంట్ చేత్తో ఇవ్వాలన్న పద్ధతి ఉంది కాబట్టే వాళ్లకి రాయల్ ఫ్లష్ కావలసివచ్చింది. డెక్లన్ మూడింటికి డ్యూటీ దిగిపోతాడు, నాలుగింటికి ఫెర్రీ.

“గోంగూరేనా?” అన్నాడు చీఫ్.

విజయేంద్ర కళ్లు మూసుకున్నాడు. “ఆవకాయ సార్. అటెండెంట్ కూడా. ఫెర్రీ ఆపించండి.”

క్లబ్బు క్లీనింగ్ వ్యాన్ వేసుకుని విజయేంద్ర రింగాస్కిడీ చేరేసరికి మూడూ యాభై ఎనిమిది. ఫెర్రీలోకి చిట్టచివరి కారు ఎక్కబోతోంది. స్టీరింగ్ దగ్గర డెక్లన్, పక్క సీట్లో చరిత. వీడి పక్కన కూడానా! విజయేంద్ర యాక్సిలరేటర్ తొక్కి, వ్యాన్‌ని ర్యాంప్‌కి అడ్డంగా పెట్టేశాడు. డెక్లన్ కారు బ్రేకు వేసుకుంటూ వచ్చి, వ్యాన్ తలుపుకి జానెడు దూరంలో ఆగింది. వెనకనుంచి గార్డ్స్ చుట్టుముట్టారు. డెక్లన్ జేబులోని వెండి పెన్ను మూత తిప్పితే గోరంత మెమరీ కార్డు బయటపడింది.

“ఎలా కనిపెట్టావ్?” అంది చరిత.

“వాడి వేళ్లు నీకు రెండుసార్లు తగిలాయి.”

“అంత కుళ్లా నీకు?”

“అంతే.”

గార్డ్స్ లాప్‌టాప్‌లో లిస్టు తెరిచారు. విజయేంద్ర పైనుంచి కిందికి చదివాడు. కిందినుంచి పైకి చదివాడు. తర్వాత గార్డ్స్ కారు కిటికీ దగ్గరికి వెళ్లాడు.

“నా పేరెందుకు రాయలేదు?”

చరిత నిజంగానే ఆలోచించింది. “గుర్తు రాలేదు విజ్జీ.”

ఫోన్లో చీఫ్ ఉబ్బితబ్బిబ్బవుతున్నాడు. “పదకొండు ప్రాణాలు నిలబెట్టావయ్యా! గొంతలా పోయిందేం? లిస్టులో లేనని ఏడుస్తారా ఎవరైనా?”

“అందుక్కాదు సార్. మొదటి పేరు చూశారా?”

“చూశాను. జీవన్ కుమార్.”

“అక్కడా వాడే ఫస్టు,” అన్నాడు విజయేంద్ర.