గాలి యాభై దాటిన రోజు

పొద్దున్న నుంచీ వంటింటి కిటికీ రెక్క టపటపా కొట్టుకుంటూనే ఉంది. చిన్నకోడలు దాని గడియ బిగించి ఆకాశం వైపు చూసింది. మబ్బు లేదు, వాన లేదు. ఉన్నదల్లా గాలే.

“ఇవాళ అచ్చుపోసి తెచ్చిన సిమెంటు గోడలన్నీ పైకి ఎక్కించేయాలి. ఎల్లుండికి గడువు,” అన్నాడు బావగారు బూట్లు తొడుక్కుంటూ. పెద్ద భవనం కడుతున్న చోట ఆయన సూపర్‌వైజరు. ఆమె అక్కడే టవర్ క్రేన్ నడుపుతుంది. ఆడపిల్లకి అంత ఎత్తున పనేమిటని నాలుగేళ్ల కిందట చుట్టాలంతా బుగ్గలు నొక్కుకుంటే, పట్టుబట్టి ఆమెను ఆ పనిలో పెట్టించింది ఆయనే.

“గాలి ఒప్పుకుంటే ఎక్కిస్తాను బావగారూ.”

“గాలినడిగి పని చేస్తామా? పద పద.”

మెట్లన్నీ ఎక్కి క్యాబిన్‌లో కూర్చునేసరికి గాలి మీటరు గంటకు యాభై రెండు కిలోమీటర్లు చూపిస్తోంది. నలభై దాటితే బరువు ఎత్తకూడదు. అంత వెడల్పు సిమెంటు గోడ గాలికి గిర్రున తిరిగితే, కింద తాడు పట్టుకున్న మనిషి దాన్ని ఆపలేడు.

వాకీటాకీలో బావగారి గొంతు వినిపించింది. “కొక్కెం దించు.”

“దించను. యాభై రెండుంది.”

“నేను చెబుతున్నాను కదా, దించు.”

“మీరు చెబితే గాలి తగ్గుతుందా బావగారూ?”

ఆ మాట కింద ఇరవైమంది విన్నారు. “అయితే దిగిపో. ఇంకొకరిని ఎక్కిస్తాను,” అన్నాడాయన.

ఆమె క్రేన్ చేతిని గాలివాటుకు తిరిగేలా వదిలేసి, తాళంచెవి తీసి జేబులో వేసుకుని దిగింది. “గాలి తగ్గేదాకా ఈ తాళంచెవి ఎవరికీ ఇవ్వను,” అని ఆయన మొహం మీదే చెప్పి ఇంటికి వచ్చేసింది.

సాయంత్రం ఆయన గుమ్మంలోంచే అందుకున్నాడు. “ఇరవైమందిలో నా పరువు తీసిందమ్మా నీ కోడలు.”

దుప్పటి మడతపెడుతున్న అత్తగారు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. బస్సు డ్రైవరైన భర్త సర్దిచెప్పబోయాడు. “కాస్త నెమ్మదిగా ఎత్తి ఉంటే అన్నయ్య మాట దక్కేది కదా.”

“బ్రేకుల్లేని బస్సుని నువ్వు నెమ్మదిగా నడుపుతావా?”



“నిన్ను ఆ పనిలో పెట్టించింది ఎవరో గుర్తుందా?” అన్నాడు బావగారు.

“గుర్తుంది. అందుకే అడుగుతున్నాను. ఇవాళ కింద తాడు పట్టుకుని నిలబడింది ఎవరు?”

ఆయన తల తిప్పుకున్నాడు. అత్తగారి చేతులు ఆగిపోయాయి. “ఎవర్రా?”

“నేనేనమ్మా. ఇంకొకణ్ని నిలబెట్టడానికి మనసొప్పలేదు.”

“అంటే ప్రమాదమని మీకూ తెలుసన్నమాట,” అంది చిన్నకోడలు.

“తెలుసు.” ఆయన కుర్చీలో కూలబడ్డాడు. “ఈ గడువు కూడా దాటితే నన్ను తీసేస్తానన్నాడు యజమాని. ఈ వయసులో నాకింకెవరు పనిస్తారు?”

“పని పోతే పోతుంది. గోడ నీ మీద పడితే నేనెవరికి చెప్పుకోనురా?” అంటూ అత్తగారు బావురుమంది.

అంతలో ఫోన్ మోగింది. యజమాని.

“గాలి వల్ల నేనే ఆపించాను సార్…” అన్నాడు బావగారు.

“వద్దు బావగారూ. ఉన్నదున్నట్టు చెప్పండి,” అంది ఆమె. “నేను చేసింది దాచాల్సినంత తప్పేం కాదు.”

ఆయన ఆమెను ఒక్క క్షణం చూశాడు. గొంతు సవరించుకున్నాడు. “ఆపింది మా మరదలు సార్. నేను ఎత్తమన్నాను, తను ఎత్తనంది. తనదే సరైన పని. గాలి తగ్గేదాకా రేపు కూడా ఎత్తం. ఎవరినైనా మార్చాలంటే ముందు నన్ను మార్చండి.”

అవతలి అరుపులు గది దాకా వినిపించాయి. ఆయన చివరిదాకా విని ఫోన్ పెట్టేశాడు. “రేపు వచ్చి తనే పైకెక్కి చూస్తాడట.”

“రానివ్వండి.”

మర్నాడు యజమాని వచ్చాడు. సగం మెట్లెక్కి, గాలి తోపుకి కమ్మీని రెండు చేతులా వాటేసుకుని, అక్కణ్నుంచే దిగిపోయాడు. గడువు వారం పెంచాడు.

మూడోరోజు గాలి తగ్గింది. మొదటి గోడకి గొలుసులు బిగించాక వాకీటాకీ పలికింది.

“అమ్మాయ్, ఎత్తొచ్చంటావా?”

నాలుగేళ్లలో ఆయన ఆజ్ఞాపించకుండా అడగడం అదే మొదటిసారి. ఆమె కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి.

“ఎత్తుతాను బావగారూ. ముందు మీరు పక్కకి జరగండి.”

ఆయన జరిగాడు.